మీటరు అవతలి మనిషి

తెలుగులో కరెంటు చుట్టం లాగా వస్తుంది, పోతుంది. పోయినది ఎంతకీ రాకపోతే మాత్రం వ్యాకరణం మారిపోతుంది. అప్పటిదాకా "పోయింది" అన్నవాళ్ళం "తీసేశాడు" అంటాం. ఎవడు తీసేశాడు? తెలీదు. సబ్‌స్టేషన్లో కూర్చున్నవాడో, స్తంభం ఎక్కినవాడో, ఇంకా పైన విద్యుత్ సౌధలో సంతకం పెట్టినవాడో. ఆ క్రియకి కర్త ఎప్పుడూ కనపడడు, తిట్లు మాత్రం ఏకవచనంలో ఆయనకే చేరతాయి. మన ఇళ్ళలోకి జనరేటర్లూ ఇన్వర్టర్లూ ఎలా వచ్చాయి, వాటితో పాటు ఫ్యూజులూ బ్రేకర్లూ ఎలా మారాయి అని కొన్నాళ్ళుగా చదువుతున్నాను. చదివిన కొద్దీ నాకు ఎదురవుతున్నది ఈ కనపడని కర్తే. ఇంటి కరెంటుకి కట్టిన కాపలా మొదట వైరు కోసం. తర్వాత ఇంట్లో మనిషి కోసం. మీటరు అవతల, స్తంభం మీదున్న మనిషి వంతు అన్నిటికంటే చివర్న వచ్చింది, అదీ అన్ని ఇళ్ళకీ రాలేదు.

మొదట ఫ్యూజు సంగతి. పల్లెల్లో దాన్ని "ఫీజు" అంటారు. "ఫీజు కట్టాలిరా" అంటే బళ్ళో కట్టాలా, మెయిను దగ్గర కట్టాలా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. ఎడిసన్ 1882లో న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్‌లో స్టేషను పెట్టి ఇళ్ళకీ ఆఫీసులకీ కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పటికే ఫ్యూజు ఉంది. వైరులో కావాలనే ఒక బలహీనమైన ముక్క పెట్టడం, కరెంటు ఎక్కువైతే ముందు అదే కరిగిపోవడం. ఇంత సింపుల్ డిజైను ఇంజనీరింగులో అరుదు. కానీ అది ఎవరి కోసం అన్నది చూడాలి. ఆ రోజుల్లో కరెంటంటే అందరికంటే ఎక్కువ కంగారుపడ్డది అగ్నిప్రమాదాల బీమా కంపెనీలు. అమెరికాలో 1897లో వచ్చిన మొదటి వైరింగు నియమావళి వెనక వాళ్ళ ఒత్తిడే ఎక్కువ. వాళ్ళ బాధ కాలిపోయే గోదాములు, చెక్క మేడలు. ఫ్యూజు పుట్టింది మనిషి కోసం కాదు, వైరు వేడెక్కి ఇల్లు అంటుకోకుండా.

చిన్న లెక్క చాలు ఈ తేడా తెలియడానికి. తడి చేత్తో 230 వోల్టుల ఫేజు పట్టుకున్న మనిషి ఒంట్లోంచి పారేది సుమారుగా 100, 200 మిల్లీఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలు. ఫ్యూజు 5 ఆంపియర్లది అనుకుందాం, అంటే 5,000 మిల్లీఆంపియర్లు. మనిషి పోతున్న సంగతి ఆ ఫ్యూజుకి తెలియనే తెలియదు. దాని దృష్టిలో అదొక చిన్న బల్బు.

దానికి తోడు మన పింగాణీ ఫ్యూజులు, కిట్‌క్యాట్ అని పిలిచేవి. రేటింగుకి దాదాపు రెట్టింపు కరెంటు పారితే గానీ అందులో వైరు కరగదు. అది కూడా సరైన వైరు వేస్తేనే. కరెంటు పోయిన రాత్రి, కొవ్వొత్తి వెలుగులో, సరైన వైరు ఎక్కడ దొరుకుతుంది? పాత వైరు ముక్కలోంచి రాగి పోగులు తీసి, "మళ్ళీ మళ్ళీ పోకుండా" అని రెండు మూడు కలిపి మెలేసి కట్టడం మనకి ఇంటింటి విద్య. పోవడం కోసమే పెట్టినదాన్ని పోకుండా కట్టడం! దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఎవరూ రారని తెలిసినవాడు చేసే పని అది. పొలాల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే రైతే వేసుకోబోయి చనిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు మనం? దేశం మొత్తం మీద కరెంటు షాకుతో ఏటా 10,000 మందికి పైనే పోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెప్తాయి. ఒక కుంభకోణంలాగో ఒక యుద్ధంలాగో చర్చకి రావాల్సిన సంఖ్య, జిల్లా పేజీ దాటి రాదు.

మన దగ్గర కరెంటు మొదట్లో ఊరి సొత్తు కాదు, కొద్దిమంది సొత్తు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ స్టేషను పెట్టింది 1920లో. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్సూ, ఐమాక్సూ ఉన్న వైపే. సినిమా చూసి పాప్‌కార్న్ తింటూ బయటికొచ్చేవాళ్ళకి తాము ఒకప్పటి బొగ్గు కుప్పల ఇలాకాలో నడుస్తున్నామని గుర్తుచేసేది అక్కడ ఏమీ లేదు. పల్లెల సంగతి వేరు. చాలా ఊళ్ళల్లో లైన్లకంటే ముందు వచ్చింది టూరింగ్ టాకీసు, దాని జనరేటరును అదే తోడు తెచ్చుకుని. డేరా వెనక దడదడలాడే ఆయిల్ ఇంజను, దానికో డైనమో. అంటే మన ముత్తాతల్లో ఎంతోమంది మొదటిసారి చూసిన కరెంటు దీపం ప్రభుత్వానిది కాదు, ప్రైవేటు బ్యాకప్పుది. అసలు కంటే ముందు ప్రత్యామ్నాయం రావడం అనే ఈ తమాషా తర్వాతి కథంతటికీ ఒక ముందుమాటలా అనిపిస్తుంది నాకు.

1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ తర్వాతి పాతికేళ్ళు విస్తరణ కాలం. శ్రీశైలం, నాగార్జునసాగర్, కొత్తగూడెం, విజయవాడ, రామగుండం. లైన్లు ఊరూరా పాకాయి, బోర్లు పడ్డాయి, మోటార్లు వచ్చాయి. ఎన్టీఆర్ వచ్చాక హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలన్న శ్లాబు పల్లె రాజకీయాలనే మార్చేసింది. గిరాకీకి ఉత్పత్తి అందుకోలేకపోయింది. ఎండాకాలం కోతలు పంచాంగం లాగా వచ్చేవి. ఏ ప్రాంతానికి ఏ గంటలో తీస్తారో పేపర్లో వేసేవాళ్ళు, ఆ టైముకి ముందే నీళ్ళు పట్టుకుని, బట్టలు ఇస్త్రీ చేసుకుని సిద్ధంగా ఉండటం ఇంటి క్రమశిక్షణ.

సరిగ్గా అక్కడే చిన్న జనరేటరుకి చోటు దొరికింది. 1985లో శ్రీరామ్-హోండా, దాని వెనకాలే బిర్లా-యమహా. సూట్‌కేసు కంటే కాస్త పెద్ద పెట్టె, తాడు పట్టి గుంజితే స్టార్టయ్యేది, పెట్రోలుతో మొదలై కిరోసిన్ మీద నడిచేది. కిరోసిన్ మీద నడవడం ఊరికే పెట్టిన సౌకర్యం కాదు, అది ఈ దేశం కోసం చేసిన ఇంజనీరింగు. రేషను షాపు నీలి కిరోసిన్ పేదవాడి పొయ్యికని ఇస్తే, అందులో కొంత బజారు మెట్ల మీది జనరేటర్లోకి చేరేది. తొంభైల్లో, రెండువేల మొదట్లో అమీర్‌పేటలో నడిచినవాళ్ళకి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. కరెంటు పోగానే జిరాక్సు షాపు, మందుల షాపు, జావా నేర్పే ఇన్‌స్టిట్యూటు ముందు ఫుట్‌పాత్ మీద ఒకదాని తర్వాత ఒకటి లేచేవి. మాట్లాడాలంటే అరవాలి. పొగ, వేడి, కిరోసిన్ వాసన. మన ఐటీ తరం డేటాబేసుల్లో ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ గురించి నేర్చుకున్నది ఆ చప్పుడులోనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ చిన్న జనరేటరుని ఇంటికి కలిపేది ఎలా? పద్ధతి ప్రకారమైతే మీటరుకీ ఇంటి బోర్డుకీ మధ్య చేంజోవర్ స్విచ్చు పెట్టాలి. దానికి ఎలక్ట్రీషియన్ రావాలి, ఖర్చు, ఒక రోజు పని. మరో దారి ఉంది, అరగంట పని: రెండు వైపులా ప్లగ్గున్న వైరు ఒకటి తయారు చేసుకోవడం. ఒక ప్లగ్గు జనరేటరులో, రెండోది గోడ సాకెట్లో. అంతే, సాకెట్లోంచి కరెంటు వెనక్కి పాకి ఇల్లంతా వెలుగుతుంది. మెయిను ఆపడం గుర్తుంటే సరే. గుర్తు లేకపోతే?

గుర్తు లేకపోతే ఏమవుతుందో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే కరెంటు మన ఇంటి గడప దగ్గర ఆగుతుందన్న భ్రమ చదువుకున్నవాళ్ళకీ ఉంది. నీళ్ళ పైపులా కరెంటు ఒకే వైపుకి పారుతుందని అనుకుంటాం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కి అలాంటి పట్టింపులు లేవు. 11,000 వోల్టుల్ని ఫేజుకీ ఫేజుకీ మధ్య 433గా, ఇంటికొచ్చేసరికి 230, 240గా తగ్గించే యంత్రం అది. రాగి చుట్టలకి ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియదు. ఇంటి వైపు నుంచి 230 వోల్టులు ఇస్తే అవతలి వైపు దాదాపు పదివేల వోల్టులు పుట్టిస్తుంది. అదే నిష్పత్తి, తిరగేసి. మన మెట్ల కింద టీవీ కోసం, రెండు ఫ్యాన్ల కోసం నడుస్తున్న బుల్లి యంత్రం, చచ్చిపోయిందని అందరూ అనుకుంటున్న లైనుని బతికించేస్తుంది.

ఆ లైను మీద ఒక మనిషి ఉంటాడు. ఉండేది అప్పుడే. మనకి కరెంటు పోయిన టైమే ఆయన స్తంభం ఎక్కే టైము. మన లైన్‌మేన్ల భాషలో "ఎల్సీ తీసుకోవడం" అని ఒక మాట ఉంది. లైన్ క్లియర్ అన్నమాట. పని చేసే ముందు సబ్‌స్టేషనుకి చెప్పి, ఫలానా ఫీడరు ఆపించి, ఆపినట్టు రాయించుకుని, అప్పుడు ఎక్కడం. పని అయ్యాక ఎల్సీ తిరిగి ఇచ్చేయడం. ఎంత పకడ్బందీ పద్ధతో చూడండి, దాదాపు రైల్వే టోకెన్ లాగా. కానీ ఎల్సీ పుస్తకంలో మా ఇంటి జనరేటరు లేదు, మీ ఇంటిదీ లేదు. సబ్‌స్టేషను ఆపగలిగింది తన వైపు నుంచి వచ్చే కరెంటునే. అందుకే పద్ధతి ప్రకారం పనిచేసే లైన్‌మేన్ ఎల్సీ చేతికొచ్చాక కూడా లైన్ల మీద డిశ్చార్జి రాడ్డు గానీ షార్టింగు గొలుసు గానీ వేసి, అన్ని వైర్లనీ కలిపి ఎర్తు చేసి, అప్పుడు ముట్టుకుంటాడు. లోకం మీద అపనమ్మకాన్ని ఒక ఇనుప గొలుసుగా మార్చుకుని భుజాన వేసుకుని తిరగడం అది. రాడ్డు లేకపోయినా, గ్లవుజులు చిరిగిపోయి ఉన్నా, "పది ఇళ్ళ వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు, తొందరగా ఎక్కు" అని పైనుంచి ఒత్తిడి ఉన్నా కథ వేరేగా ముగుస్తుంది.

ఒక న్యాయమైన అభ్యంతరం: చిన్న జనరేటరు వీధి మొత్తం లోడు మొయ్యగలదా? చాలాసార్లు మొయ్యలేదు. మెయిను ఆపకుండా పెడితే పక్కిళ్ళ ఫ్రిజ్జులూ మోటార్లూ అన్నీ దాని మీద పడి, గురగుర మని ఆగిపోతుంది. అలా ఆగిపోవడమే ఇన్నేళ్ళూ ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుందని నా ఊహ. కానీ తుఫాను తర్వాత లైను మధ్యలో తెగి, మీ ఇల్లూ, ఓ ట్రాన్స్‌ఫార్మరూ, అరకిలోమీటరు వైరూ మాత్రమే ఒక దీవిగా మిగిలితే? అప్పుడు లోడు ఏమీ లేదు, జనరేటరు హాయిగా నడుస్తుంది. రిపేరుకి మనిషి వచ్చేదీ సరిగ్గా ఆ దీవికే. అసలు పదివేల దాకా ఎందుకు, వీధి లైను మీద 230 ఉన్నా స్తంభం మీద మనిషికి చాలు.

చేంజోవర్ స్విచ్చు ఈ సమస్యకి ఇచ్చిన జవాబు ఎంత అందంగా ఉంటుందంటే, దాన్ని చూసిన ప్రతిసారీ నాకు మా వృత్తే గుర్తొస్తుంది. రెండు థ్రెడ్లు ఒకే వనరుని ఒకేసారి పట్టుకోకుండా మేం కోడులో తాళాలు రాస్తాం, ఆ తాళాలు తప్పి అర్ధరాత్రి ప్రొడక్షను పడిపోతుంది. చేంజోవర్‌లో తాళం కోడు కాదు, లోహం. ఒకటే పిడి. పైకి తిప్పితే బోర్డు కరెంటు, కిందికి తిప్పితే జనరేటరు, మధ్యలో ఆఫ్. పిడి ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు కాబట్టి రెండు కరెంట్లు ఎప్పటికీ కలవవు. మనిషికి గుర్తుందా లేదా అన్న ప్రశ్నే ఉండదు. మర్చిపోవడానికి వీల్లేని విధంగా వస్తువుని చేయడం, భద్రత చరిత్రలో నాకు నచ్చే ఆలోచన ఇదొక్కటే. పోస్టర్లూ ప్రమాణాలూ దీని ముందు దండగ.

చిన్న తిరకాసు న్యూట్రల్ దగ్గరుంది. మన దగ్గర ఫేజుని మాత్రమే మార్చి, న్యూట్రల్‌ని ఉమ్మడిగా వదిలేసే బిగింపులు కోకొల్లలు. సింగిల్ ఫేజు ఇంటికి రెండు పోల్స్, త్రీ ఫేజుకి నాలుగు పోల్స్ ఉన్న స్విచ్చు పెడితే న్యూట్రల్ కూడా విడిపోతుంది. కొన్ని వందల రూపాయల తేడా. ఆ కొన్ని వందలు ఎవరి కోసం ఖర్చు పెడుతున్నామో ఇంట్లోవాళ్ళకి కనపడదు, అందుకే పెట్టరు.

ఇక మనిషి కోసం వచ్చిన పరికరం. 1924లో జర్మనీలో హూగో స్టోట్జ్ కంపెనీ పేటెంటు చేసిన చిన్న సర్క్యూట్ బ్రేకరు, మన ఎమ్‌సీబీకి పూర్వరూపం, ఫ్యూజు పనినే మళ్ళీ మళ్ళీ చేసే యంత్రం. అది కూడా వైరు కోసమే. మనిషికి షాకు తగిలినప్పుడు తెలుసుకునే పరికరానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. కాలిఫోర్నియాలో బర్క్‌లీ ప్రొఫెసరు చార్లెస్ డాల్జీల్ ఒక పని చేశాడు, ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోని పని. వాలంటీర్లకి చిన్న చిన్న షాకులు ఇచ్చి, ఎన్ని మిల్లీఆంపియర్ల దగ్గర చెయ్యి తీగని వదల్లేకపోతోందో కొలిచాడు. మగవాళ్ళకి సగటున 16 దగ్గర, ఆడవాళ్ళకి పదిన్నర దగ్గర కండరాలు బిగుసుకుపోయి చెయ్యి రాదని తేలింది. "కరెంటు పట్టేసింది" అని మనవాళ్ళు అనే మాటకి అదీ అంకె. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే తేడా ఎవరి ఒంట్లోంచో పోతోందని గ్రహించి ఆపేసే పరికరాన్ని ఆయన 1961లో తయారు చేశాడు. అంతకు కొన్నేళ్ళ ముందే దక్షిణాఫ్రికాలో హెన్రీ రూబిన్ అదే సూత్రం మీద బంగారు గనుల కోసం పనిచేశాడు. అమెరికా నియమావళి ఆ పరికరాన్ని మొదట తప్పనిసరి చేసింది ఎక్కడో తెలుసా? ఈత కొలనుల లైట్లకి. ఎవరి ప్రాణం ముందు లెక్కలోకి వస్తుందో చెప్పడానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

మన ఇళ్ళలో అది ఆర్‌సీసీబీగా 30 మిల్లీఆంపియర్లతో వచ్చింది, చాలా ఆలస్యంగా, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లతో పాటు. దాని కథ విషాదాంతం అయ్యేది ఇన్వర్టరు దగ్గర. ఎనభైల చివర్లో లుమినస్, తర్వాత పదేళ్ళకి సుకామ్ లాంటివి లేచి, 2000 తర్వాత ఇన్వర్టరు ఫ్రిజ్జు లాంటి ఇంటి సామాను అయిపోయింది. హాల్లో మూలన ట్రాలీ, అందులో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, నెలనెలా డిస్టిల్డ్ వాటరు పోసే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరిది. చప్పుడు లేదు, పొగ లేదు. కానీ బిగించేవాళ్ళు చాలాచోట్ల ఇన్వర్టరు లైనుకి వేరే న్యూట్రల్ లాగరు, ఉన్నదానికే కలిపేస్తారు. వెళ్ళేది ఒక దారిలో, వచ్చేది ఇంకో దారిలో అయ్యేసరికి ఆర్‌సీసీబీ తేడా చూసి ఠక్కున పడిపోతుంది. అది తన పని తాను సరిగ్గా చేస్తోంది. మన పరిష్కారం? "ఇది ఊరికే ట్రిప్ అవుతోంది సార్, బైపాస్ చేసేస్తా." నేను కొన్న ఫ్లాట్‌లో బోర్డు తెరిపించి చూస్తే ఆర్‌సీసీబీ ఉంది, మీట కూడా పైకే ఉంది, దాని గుండా మాత్రం ఒక్క వైరూ పోవట్లేదు. గోడ మీద వేలాడే తాయత్తు. నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి చూడాలన్న నియమం ఎవరైనా పాటించి ఉంటే ఎప్పుడో తెలిసేది. బటన్ నొక్కితే కరెంటు పోతుందని భయం. పోవాలనే కదా!

జనరేటరు విషయంలో ఇంకో సంగతి ఎలక్ట్రీషియన్లు కూడా చెప్పరు. బోర్డు కరెంటు మీద షార్ట్ సర్క్యూట్ అయితే క్షణంలో వందల, వేల ఆంపియర్లు దూసుకొస్తాయి, ఆ ధాటికే ఎమ్‌సీబీ సెకనులో వందో వంతులోపు పడిపోతుంది. చిన్న జనరేటరుకి అంత దమ్ము లేదు. షార్ట్ అయితే అది డీలా పడుతుంది, బ్రేకరు కదలకపోవచ్చు. అంటే అదే ఇల్లు, అదే బోర్డు, అదే బ్రేకరు, కానీ బ్యాకప్ మీద ఉన్నప్పుడు రక్షణ వేరు. ఎర్తు సంగతీ అంతే. జనరేటరు న్యూట్రల్‌ని ఎర్తుకి కలపకుండా వదిలేస్తే ఆర్‌సీసీబీకి చూడ్డానికి తేడా ఉండదు. అందుకే ఫ్రిజ్జు, రెండు గదుల లైట్లు, ఫ్యాన్లు, నెట్ రూటరు, ఇలా తప్పనిసరివి మాత్రం వేరు చేసి చిన్న బోర్డు కట్టి, దానికే జనరేటరు ఇవ్వడం మంచి పద్ధతి. ఏసీ ఉండాల్సిందే అంటే కంప్రెసరు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలు కంటే అయిదారు రెట్లు ఉంటుందని లెక్కేసుకుని పెద్దది కొనాలి. ఇంటి లోపల, బాల్కనీలో, మెట్ల కింద నడపడం గురించి చెప్పేదేముంది, కార్బన్ మోనాక్సైడుకి వాసన కూడా ఉండదు.

ఈ కథకి రాజకీయం లేదనుకుంటే పొరపాటు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డుని విడగొట్టారు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద జరిగిన ఆందోళనలో బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పులకి ముగ్గురు చనిపోయారు. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకారం రోజే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టాడు. రోడ్ల మీద, బ్యాలెట్లలో కరెంటు ఇంత మండుతున్న ఆ పదేళ్ళలోనే నగరాల్లో మధ్యతరగతి మెల్లగా ఆ గొడవలోంచి తప్పుకుంది. దాని రసీదు అపార్ట్‌మెంటు ప్రకటనలో ఒక పంక్తి: "100 శాతం పవర్ బ్యాకప్". సెల్లారులో డీజిలు జనరేటరు, ప్రతి ఫ్లాటుకీ ఇంత వాటా, దాటితే కట్ చేసి కాసేపాగి మళ్ళీ ఇచ్చే ఆటోమేటిక్ చేంజోవర్ పెట్టె. ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి ఇల్లంతా చీకటి చేసినవాళ్ళు ఆ రోజు ఇంట్లో దోషులు. జనరేటరు చప్పుడుకి కూడా పరిమితి వచ్చింది, 2002లో నోటిఫికేషను, 2005 నుంచి అమలు: మీటరు దూరంలో 75 డెసిబెళ్ళు మించకూడదు. అలా ఇనుప గూట్లో పెట్టి "సైలెంట్" అని పేరు పెట్టాక కరెంటు పోయిన సంగతే తెలియడం మానేసింది. 2012-13లో కోతలు విపరీతమై, ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు ఇచ్చినప్పుడు కూడా గేటెడ్ ఇళ్ళలో అదొక మెయింటెనెన్సు బిల్లు మాత్రమే. కరెంటు గురించి కోపం పోయింది. కోపంతో పాటు "తీసేశాడు" అన్న కర్త కూడా పోయాడు.

ఆయన మళ్ళీ కనపడింది 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడ్డాక. స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేక నీళ్ళు లేవు. అద్దె జనరేటర్లు ఇంటింటికీ తిరిగి గంట లెక్కన ట్యాంకులు నింపాయి, ఫోను చార్జింగుకి రేట్లు పెట్టారు. అదే సమయంలో ఇతర జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి విద్యుత్ సిబ్బంది వచ్చి ఊరికి ఊరినే మళ్ళీ తీగలతో కుట్టారు. ఆ ఊరు తెలియనివాళ్ళు, ఏ ఇంట్లో ఏ యంత్రం నడుస్తోందో అసలు తెలియనివాళ్ళు. ఇందాక చెప్పిన దీవుల సంగతి ఆ రోజులకి అన్వయించి చూసుకోండి.

ఇది మన బద్ధకం మాత్రమే అనుకోనక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి 45 లక్షలకి పైగా ఇళ్ళు చీకటైనప్పుడు, డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళూ అందులో ఉన్నాయి. గరాజులో కారు, ఇంట్లో బొగ్గుల గ్రిల్లు, తలుపు దగ్గర జనరేటరు నడిపి కార్బన్ మోనాక్సైడుతో పోయినవాళ్ళున్నారు. అక్కడ ఇంటి స్టాండ్‌బై జనరేటరు పెట్టాలంటే మామూలుగా పర్మిట్టు, లైసెన్సున్న ఎలక్ట్రీషియను, తనిఖీ, ట్రాన్స్‌ఫర్ స్విచ్చు ఉండాలి. కరెంటు పోయిన కొన్ని సెకన్లకి తానే లేచి, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కుదురుకున్నాకే ఇంటిని తన మీదకి తీసుకుంటుంది. ఇంత ఉన్నా, రెండు వైపులా ప్లగ్గున్న వైర్లు ఆన్‌లైనులో అమ్ముతుంటే, వెంటనే వాడటం ఆపేయమని 2022లో అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. ఎలక్ట్రీషియన్లు దానికి పెట్టిన ముద్దుపేరు సూయిసైడ్ కార్డ్. ఆ పేరులో కూడా చనిపోయేది మనమే అనుకున్నారు చూడండి.

లైన్‌మేన్‌ని మొదటి నుంచే దృష్టిలో పెట్టుకుని చేసిన ఇంటి యంత్రం, నాకు తెలిసి, డాబా మీది సోలారుకి వాడే గ్రిడ్ ఇన్వర్టరు. వీధి కరెంటు పోయిందని తెలిసిన రెండు సెకన్లలోపు అది తన ఉత్పత్తి తానే ఆపేసుకోవాలి, ఎండ ఎంత ఉన్నా సరే. దాన్ని పెట్టేవాళ్ళు అమ్మేటప్పుడు ఈ సంగతి చెప్పరు. 2024లో సూర్యఘర్ సబ్సిడీ వచ్చాక మూడు కిలోవాట్లు పెట్టించుకున్న మా ఆఫీసు మిత్రుడొకడు మే నెలలో మధ్యాహ్నం ఫోన్ చేసి ఒకటే తిట్లు: "పైన ఎండ మాడిపోతోంది, ఇంట్లో ఫ్యాను తిరగట్లేదు, ఇదేం ఇంజనీరింగు బాస్?" వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరైనా పని చేస్తున్నారేమో చూడమన్నాను. బాల్కనీలోకి వెళ్ళి చూసి, నిజమే, నిచ్చెన వేసి ఉంది అన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టుకుంటే కరెంటు లేనప్పుడూ నడుస్తుందట కదా, దానికి మారిపోతున్నా అన్నాడు. చేంజోవర్ ఎవరు బిగిస్తున్నారు, న్యూట్రల్ విడిగా లాగుతున్నారా అని అడిగాను.

"ఏమో, మా వీధిలో ఎవడో కుర్రాడున్నాడులే, వాడే చేసేస్తాడు" అన్నాడు.